పాత బండికి ఐదో గేరు

అరవై ఏళ్ల కిందటి పికప్‌కి ఈనాటి గేరుబాక్సు, దానికి తగ్గట్టు కొత్త ప్రొపెల్లర్ షాఫ్ట్. వినడానికి సులువుగానే ఉంటుంది. చేసే దగ్గర మిల్లీమీటర్లు, డిగ్రీలు, ఆర్టీఏ కాగితాలు అన్నీ అడ్డం వస్తాయి. ఓరుగల్లు షెడ్లలో జరిగే ఈ పని లోతుపాతులు ఈ వారం ముఖచిత్ర కథనంలో...

చైన్ కప్పీ గరగరమంటోంది. గొలుసు ఒక్కో లంకె దిగేకొద్దీ పాత పికప్ కింది నుంచి బరువైన ఇనుప ముద్ద ఒకటి నేలకు జారుతోంది.

వరంగల్ అంచున రేకుల షెడ్డు అది. పొద్దున పది దాటింది. రేకులు అప్పుడే వేడెక్కాయి. బండి నాలుగు స్టాండ్ల మీద నిలబడి ఉంది. డ్రైవరు కాళ్ల కింది రేకు విప్పి గోడకు ఆనించారు. ముగ్గురు కలిసి ఆ ముద్దను మెల్లగా పాత టైరు మీదికి దించారు. మూడు గేర్ల డబ్బా, దాని వీపుకు బిగించి ఉన్న, ముందు వెనక ఇరుసులకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు. గ్రీజు, ఎర్రమట్టి కలిసి వేలెడు మందాన పేరుకుపోయాయి. కుర్ర మెకానిక్ డీజిల్‌లో ముంచిన బ్రష్షుతో రుద్దుతుంటే పోత ఇనుము మీది అంకెలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

మేస్త్రి పైమూత విప్పి, మొదటి గేరు పళ్ల మీద వేలు ఆడించాడు. అంచులు అరిగి గుండ్రంగా తేలాయి.

“జూడు అన్నా, పండ్లు ఎట్ల అరిగినయో. ఫస్టు గేరు ఏసినప్పుడల్లా గర్రుమంటది అంటివి గద, గిందుకే.”

యజమాని వంగి చూశాడు. ఆయన తండ్రి ఈ బండి మీదే మిర్చి బస్తాలు మార్కెట్‌కు తోలేవాడు. పక్కన గోనెసంచి మీద మరో డబ్బా ఉంది. తుక్కు దుకాణంలో కొన్న బొలెరో గేరుబాక్సు, ఐదు గేర్లది.

“ఇది దానికి పడ్తదా?”

“పడేటట్టు చెయ్యాలె. పని నేను చేస్త. నువ్వు మాత్రం పాత డబ్బాను తుక్కుకు ఎయ్యకు. గదే నీ బండి పుట్టుక.”

ఇప్పుడే ఎందుకీ చర్చ?

పాత బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు ఒకటే మాట: ఉంచుకోవాలా, వదిలించుకోవాలా? 2025 ఆగస్టులో కేంద్రం, 20 ఏళ్లు దాటిన కార్లు, జీపుల వంటి తేలికపాటి వాహనాల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును రూ.5,000 నుంచి రూ.10,000కు పెంచింది. అంతకు నెల ముందే ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లకు, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లకు బంకుల్లో ఇంధనం పోయొద్దన్న ఆదేశం అమల్లోకి వచ్చింది. జనం గగ్గోలు పెట్టడంతో కొద్దిరోజులకే అది ఆగిపోయింది. అది ఢిల్లీ గొడవే అయినా, ఇక్కడి పాత బండ్ల యజమానుల గుండెల్లోనూ రాయి పడింది.

యజమాని ముందు మూడు దారులున్నాయి. తుక్కుకు అమ్మేయడం మొదటిది. ఉన్నది ఉన్నట్టు బాగుచేసి, ప్రదర్శనలకు తీసుకెళ్లే వింటేజ్ బండిగా నిలబెట్టడం రెండోది. రోజూ నడుపుకోవడానికి వీలుగా లోపలి భాగాలు మార్చుకోవడం మూడోది. మనసు లాగేది మూడో దారే. తప్పులు ఎక్కువ జరిగేదీ ఆ దారిలోనే.

విల్లీస్ వంశం

మన పల్లె రోడ్లు ఎరిగిన పాత జీపులు, పికప్‌లలో ఎక్కువ భాగం అమెరికా విల్లీస్ వంశానివే. 1949లో ముంబైలోని మజ్‌గావ్‌లో, విడిభాగాలుగా వచ్చిన 75 జీపులను మహీంద్రా సంస్థ బిగించింది. కథ అక్కడ మొదలైంది. తర్వాత సీజే-3బీ జీపు, పికప్, స్టేషన్ వ్యాగన్ వరుసగా వచ్చాయి. 1952 అక్టోబరు 2న దేశంలో సమాజ అభివృద్ధి పథకం మొదలయ్యాక బ్లాకు ఆఫీసు ముందు జీపు ఉండటం ఆనవాయితీ అయింది. పోలీసు, రెవెన్యూ, అటవీ, నీటిపారుదల... ఏ శాఖ చూసినా జీపే.

ప్రభుత్వం వేలంలో వదిలేసిన బండ్లు రైతుల చేతికి, చిన్న వ్యాపారుల చేతికి వచ్చాయి. పత్తి, మిర్చి, ఎరువు బస్తాలు, పెళ్లిళ్ల సామాను, ఎన్నికల మైకులు అన్నీ వాటి మీదే. ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం వైపు అడవి దారుల్లో బస్సు ఆగిన చోటి నుంచి జీపు అందుకునేది. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చిందంటే పాత బండ్లన్నీ షెడ్లలోంచి బయటికి వచ్చేవి. తరాలు మారినా ఇంట్లో ఆ బండి మీద మమకారం పోకపోవడానికి ఇదే కారణం. అది ఆ ఇంటికి అన్నం పెట్టింది.

---

■ హైదరాబాద్ రాజ్యంలో తొలి ప్రభుత్వ బస్సులు

● హైదరాబాద్ రాజ్యంలో ప్రభుత్వ బస్సులు 1932 జూన్‌లో మొదలయ్యాయి. నిజాం స్టేట్ రైల్వేలో భాగంగా రోడ్డు రవాణా విభాగం ఏర్పడింది.
● అప్పుడున్నవి 27 బస్సులు, 166 మంది సిబ్బంది. ఆ బస్సులు బ్రిటన్‌లోని ఆల్బియన్ కంపెనీవి.
● నేటి తెలుగు రాష్ట్రాల ఆర్టీసీలు రెండింటికీ మూలం ఆ విభాగమే.

---

మూడు గేర్లతో బతుకు

విల్లీస్ జీపుల్లో, పికప్‌లలో ఉండే మూడు గేర్ల డబ్బా పేరు టీ-90. మొదటి గేరు నిష్పత్తి 2.798, రెండోది 1.551, మూడోది నేరుగా 1. సీజే-3బీలో ఆ మూడు గేర్ల వెనక క్రౌన్-పినియన్ నిష్పత్తి 5.38. అంటే టాప్ గేరులో చక్రం ఒక్కసారి తిరగాలంటే ఇంజిన్ ఐదున్నర చుట్లకు దగ్గరగా తిరగాలి. బురదలో బస్తాలు లాగడానికి ఈ లెక్క బ్రహ్మాండం. హైదరాబాద్ హైవే ఎక్కితే మాత్రం ఇంజిన్ ఏడుస్తుంది. 2.2 లీటర్ల ఆ ‘హరికేన్’ పెట్రోల్ ఇంజిన్ 75 గుర్రాల శక్తిని 4,000 చుట్ల దగ్గర ఇస్తుంది. హైవే మీద గంటల తరబడి దాన్ని ఆ అంచుకు తోస్తే చెవులు హోరెత్తుతాయి, పెట్రోలు కరిగిపోతుంది.

మరో చిక్కు మొదటి గేరు. దానికి సింక్రోమెష్ లేదు. తిరిగే రెండు గేర్ల వేగాన్ని కలిపాకే పళ్లు పట్టుకునేలా చేసే ఈ ఏర్పాటు 1928లోనే కాడిలాక్ కార్లలో వచ్చింది. టీ-90లో పై రెండు గేర్లకే అది ఉంది. కదిలే బండిని ఫస్టు గేరులోకి తేవాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, వదిలి, యాక్సిలరేటర్ ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. పాత డ్రైవర్లు దీన్ని ‘డబల్ క్లచ్’ అంటారు. వాళ్ల కాళ్లకు ఆ లయ తెలుసు. కొడుకులకు, మనవలకు తెలియదు. అందుకే గేరు పళ్లు అలా అరిగిపోతున్నాయి. ఇంట్లో అందరూ నడపగలిగే బండి కావాలనుకున్నవాళ్లు ఐదు గేర్ల డబ్బా వైపు చూస్తున్నారు.

---

■ ఐదో గేరు ఇచ్చేదేమిటి?

చక్రం ఒక చుట్టుకు 2.25 మీటర్లు నడుస్తుందని, క్రౌన్-పినియన్ 5.38 అని, ఐదో గేరు నిష్పత్తి 0.8 అని అనుకుని వేసిన లెక్క ఇది.

● గంటకు 60 కి.మీ. వేగంలో: పాత టాప్ గేరులో ఇంజిన్ నిమిషానికి సుమారు 2,400 చుట్లు, ఐదో గేరులో సుమారు 1,900.
● గంటకు 80 కి.మీ. వేగంలో: పాత టాప్ గేరులో సుమారు 3,200 చుట్లు, ఐదో గేరులో సుమారు 2,550.

---

అతికే చోటే అసలు పని

బొలెరో 2000లో మార్కెట్లోకి వచ్చింది. దాని పికప్‌లు లేని ఊరు లేదు కాబట్టి పాత గేరుబాక్సులు, వాటి విడిభాగాలు దొరకడం తేలిక. కానీ ఆ డబ్బా డీజిల్ ఇంజిన్ కోసం పుట్టింది. పాత పెట్రోల్ ఇంజిన్ వెనక ఉన్న బోల్టు రంధ్రాలు దానితో కలవవు. మధ్యలో మందపాటి అడాప్టర్ ప్లేటు తయారు చేయించాలి.

ప్లేటుకు రంధ్రాలు కుదిరినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్, గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ ఒకే గీత మీద ఉండాలి. ఫ్లైవీల్‌కు డయల్ గేజ్ బిగించి, బెల్ హౌసింగ్ రంధ్రం చుట్టూ తిప్పి చూడాలి. మొత్తం తేడా 0.13 మిల్లీమీటరు దాటకూడదని మంచి మెకానిక్‌ల లెక్క. దాటితే ఏమవుతుంది? మొదటి నెల ఏమీ కాదు. తర్వాత క్లచ్ అదరడం, గేరు జారడం, ఇన్‌పుట్ బేరింగ్ కూత మొదలవుతాయి. అప్పుడు గేరుబాక్సును తిడతారు. తప్పు ప్లేటుది.

ఇన్‌పుట్ షాఫ్ట్ మొన పైలట్ బుష్‌లో ఎంత లోతు కూర్చుంటోంది, క్లచ్ ప్లేటు స్ప్లైన్లు సరిపోతున్నాయా, రిలీజ్ బేరింగ్ ఎక్కడిదాకా కదులుతోంది అన్నవి కూడా బోల్టులు బిగించకముందే కొలవాలి. గేరాయిల్ విషయంలోనూ అజాగ్రత్త కూడదు. కొత్త డబ్బాలోని ఇత్తడి సింక్రో రింగులకు కంపెనీ చెప్పిన గ్రేడే పోయాలి. జీఎల్-4 చెప్పిన చోట ‘అదీ నూనే, ఇదీ నూనే’ అని జీఎల్-5 పోస్తే రింగులు త్వరగా దెబ్బతినే ప్రమాదం ఉంది.

చాలామంది మరిచిపోయేది హ్యాండ్‌బ్రేకు. పాత విల్లీస్ బండ్లలో హ్యాండ్‌బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, ప్రొపెల్లర్ షాఫ్ట్ మొదలయ్యే చోట ఒక డ్రమ్ములో ఉంటుంది. స్పీడోమీటర్ తీగ కూడా ఆ కేసులోంచే వస్తుంది. టూవీల్ డ్రైవ్ బొలెరో డబ్బా వేసి ట్రాన్స్‌ఫర్ కేసు తీసేశారంటే మూడూ ఒకేసారి పోతాయి: ఫోర్‌వీల్, హ్యాండ్‌బ్రేకు, వేగం చూపే ముల్లు. హ్యాండ్‌బ్రేకు లేని బండిని వాలులో ఆపి, చక్రం కింద రాయి పెట్టి నడుపుకుంటున్నవాళ్లు ఉన్నారు. ఇది ప్రాణాలతో ఆట. వెనక చక్రాలకు పనిచేసే హ్యాండ్‌బ్రేకు ఏర్పాటు చేయకుండా ఏ మెకానిక్కూ ఆ బండిని షెడ్డు దాటించకూడదు.

షాఫ్ట్ చెప్పే నిజం

గేరుబాక్సు మారితే పొడవు మారుతుంది. పొడవు మారితే, వెనక ఇరుసుకు శక్తిని మోసే పాత ప్రొపెల్లర్ షాఫ్ట్ పనికిరాదు. ఇక్కడ లేత్ మేస్త్రి రంగంలోకి దిగుతాడు.

కొలత తీసే తీరులోనే సగం పని ఉంది. బండి స్టాండ్ల మీద ఉన్నప్పుడు వెనక ఇరుసు వేలాడుతుంది, స్ప్రింగు పట్టీలు సాగుతాయి. అప్పుడు తీసిన కొలత తప్పు. చక్రాలు నేల మీద పెట్టి, మామూలుగా మోసే బరువు వేసి కొలవాలి. గుంతలో పడినప్పుడు ఇరుసు పైకి లేస్తే షాఫ్ట్ లోపలికి జరగడానికి స్లిప్ యోక్‌లో చోటు వదలాలి. చోటు లేకపోతే ఆ దెబ్బ నేరుగా గేరుబాక్సు వెనక బేరింగ్ మీద పడుతుంది.

తర్వాత కోణాలు. షాఫ్ట్ రెండు చివర్లా యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. జాయింట్ వంగి తిరిగేటప్పుడు దాని అవతలి వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు పెరుగుతూ, రెండుసార్లు తగ్గుతూ పోతుంది. రెండో జాయింట్ అదే కోణంలో, సరైన వరుసలో ఉంటే ఈ హెచ్చుతగ్గులను రద్దు చేస్తుంది. కావడి రెండు తట్టల్లోనూ బరువు సమానంగా ఉంటేనే భుజం నిలుస్తుంది, ఇదీ అంతే. గేరుబాక్సు వెనక మొన ఎంత కిందికి వాలిందో, డిఫరెన్షియల్ మూతి అంతే పైకి లేవాలి. ఒక్కో జాయింట్ దగ్గర కోణం ఒకటి నుంచి మూడు డిగ్రీల మధ్య ఉంటే మంచిది. షాఫ్ట్ రెండు చివర్ల యోక్‌లు ఒకే వరుసలో ఉండాలి. వెల్డింగ్ చేసేటప్పుడు ఒకటి తిరిగిపోతే కోణాలు ఎంత బాగా కుదిరినా బండి ఊగుతుంది.

విల్లీస్ బండికి మరో మెలిక ఉంది. పాత ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వెనక షాఫ్ట్ బండి మధ్యలోంచి పోదు. కుడిపక్కకు, అంటే మన దగ్గర డ్రైవరు వైపుకు జరిగి పోతుంది. వెనక డిఫరెన్షియల్ కూడా అటే జరిగి ఉంటుంది. బొలెరో డబ్బా నుంచి షాఫ్ట్ మధ్యలోంచి వస్తుంది. మధ్య నుంచి కుడికి అడ్డంగా పోయే షాఫ్ట్‌లో పైకిందల కోణానికి తోడు పక్క కోణం కూడా చేరుతుంది. రెండూ కలిపి లెక్కించాలి. కొందరు వెనక ఇరుసు కూడా మార్చేస్తారు. అప్పుడు క్రౌన్-పినియన్ నిష్పత్తి, చక్రాల మధ్య దూరం, బ్రేకులు, పట్టీల బిగింపు అన్నీ మారతాయి. ఒక్క గేరుబాక్సుతో మొదలైన పని సగం బండి దాకా పాకుతుంది.

చివరిగా బ్యాలెన్సింగ్. గొట్టం కోసి, యోక్ కూర్చోబెట్టి, నాలుగు చుక్కలు వెల్డింగ్ పెట్టి, లేత్ మీద తిప్పి, డయల్ గేజ్‌తో వంకర చూసి, అప్పుడు పూర్తి వెల్డింగ్ చేయాలి. ఆ తర్వాత బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పించి, అవసరమైన చోట చిన్న ఇనుప ముక్క అతికించాలి. ఈ ఆఖరి ఖర్చుకు వెనకాడేవాళ్లే ఎక్కువ. నలభై వేగంలో తేడా తెలియదు. అరవై దాటాక సీటు కింద సన్నని వణుకు మొదలవుతుంది. ఆ వణుకును పట్టించుకోకుండా నడిపితే ముందు జాయింట్ క్రాసు, తర్వాత బేరింగ్, ఆపైన గేరుబాక్సు తోకభాగం దెబ్బతింటాయి.

---

■ ఇరుసు దాకా శక్తిని మోసే జాయింట్

● వంగుతూ తిరిగే జాయింట్‌కు 16వ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరు, 17వ శతాబ్దపు ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరు నిలిచిపోయాయి.
● కార్లలో గొలుసుల స్థానంలో ఈ జాయింట్‌ను స్థిరపరిచింది క్లారెన్స్ స్పైసర్. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుతూ దాన్ని రూపొందించాడు. 1903లో పేటెంట్ వచ్చింది, 1904లో తయారీ మొదలైంది.
● విల్లీస్ జీపుల ‘మోడల్ 18’ ట్రాన్స్‌ఫర్ కేసు కూడా స్పైసర్ పేరు మీద వచ్చిందే.

---

వేగం పెరిగింది, మరి ఆగడం?

ఐదో గేరు బండికి వేగం ఇస్తుంది, ఆపే శక్తి ఇవ్వదు. పాత పికప్‌కి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. బూస్టర్ లేదు. స్టీరింగ్ బాక్సులో ఆట, అరిగిన కింగ్‌పిన్లు, సీటుబెల్టు లేని సీట్లు సరేసరి. నలభై, యాభై వేగానికి అలవాటుపడిన బండిని ఎనభైకి తోసేముందు ఇవన్నీ సరిచేయాలి. ఖర్చు పెట్టే వరుస తిరగబడకూడదు: మొదట బ్రేకులు, తర్వాత స్టీరింగ్, టైర్లు, ఆ తర్వాతే గేరుబాక్సు. చేతిలో డబ్బు ఒక్క పనికే ఉంటే అది బ్రేకులకే పెట్టాలి.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ బండిలో మార్పులకు హద్దు గీసింది. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఆర్సీలో ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు ఉంటాయి. గేరుబాక్సు నంబరు ఉండదు. దాంతో ‘ఎవరడుగుతారులే’ అనే ధీమా పెరిగింది. కానీ కొత్త డబ్బాను కూర్చోబెట్టడానికి చాసిస్ అడ్డపట్టీ కోస్తే అది చాసిస్‌లో మార్పే. ప్రమాదం జరిగిన రోజు బీమా సర్వేయరు చూసేది దాన్నే. పని మొదలుపెట్టకముందే ఆర్టీఏ కార్యాలయానికి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి, సమాధానం కూడా రాతలోనే తీసుకోవడం యజమానికి రక్ష.

వింటేజ్ హోదా కోరుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే ఆ హోదా. చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో మార్పులు జరిగి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము రూ.20,000, పునరుద్ధరణకు రూ.5,000, గడువు పదేళ్లు. నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ఆ బండిని రోజువారీ పనులకు, కిరాయికి తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం, మరమ్మతు వంటి అవసరాలకే రోడ్డెక్కించాలి. అంటే ప్రదర్శన బండి, పని బండి ఒకటే కాలేవు. ఏది కావాలో మొదటి బోల్టు విప్పకముందే తేల్చుకోవాలి.

చేతుల్లో ఉన్న చదువు

వరంగల్‌లో లేత్ పని జీపులతో పుట్టలేదు. బియ్యం మిల్లులు, పత్తి జిన్నింగ్ మిల్లులు, బోరు మోటార్లు, ట్రాక్టర్లు, లారీలు ఆ పనిని బతికించాయి. మిల్లు షాఫ్ట్ వంకర తీసిన చెయ్యే ప్రొపెల్లర్ షాఫ్ట్ వంకర కూడా తీస్తుంది. కాజీపేటలో లోకో షెడ్డు ఉంది. 1959లో ఆర్ఈసీగా మొదలై 2002లో నిట్‌గా మారిన పెద్ద ఇంజినీరింగ్ సంస్థ ఉంది. ఇన్ని ఉన్న ఊళ్లో, షెడ్డు మేస్త్రికి తన పని సరైనదని నిరూపించుకునే కాగితం మాత్రం లేదు. పదిహేనేళ్ల వయసులో పానాలు అందించడానికి చేరి, కొలతలు కంటితో, చెవితో నేర్చుకున్నవాళ్లు వీళ్లు. బండి శబ్దం విని ఏ బేరింగ్ పోయిందో చెప్పగలరు. అదే విషయాన్ని రాసి, సంతకం పెట్టి ఇమ్మంటే ఏ ఫారం మీద రాయాలో తెలియదు.

వీరి పిల్లల్లో చాలామంది ఈ పనిలోకి రావడం లేదు. కొత్త బండ్లకు కంప్యూటర్ తగిలించి తప్పు చదివే కాలం ఇది. ఒక్క షాఫ్ట్ కోసం లేత్ ముందు రోజంతా నిలబడే ఓపిక, ఆ ఓపికకు తగిన కూలి రెండూ తగ్గిపోతున్నాయి. పాత బండ్లతో పాటు ఈ విద్య కూడా తుక్కులోకి పోతే మళ్లీ తెచ్చుకోవడం కష్టం.

చేయాల్సింది ఇది

భద్రత పెంచే చిన్న మార్పులకు, ప్రమాదం తెచ్చే అడ్డగోలు మార్పులకు తేడా చూసే స్పష్టమైన పద్ధతి రవాణా శాఖ తేవాలి. బండి తెచ్చి, కొలతలు చూపించి, బ్రేకు పరీక్ష చేయించుకుని, రుసుము కట్టి ధ్రువపత్రం తీసుకునే వీలుంటే దాచుకునే అవసరం ఎవరికీ ఉండదు. ఆ పరీక్షకు కావాల్సిన పరికరాలు, అధ్యాపకులు నిట్‌లో, పాలిటెక్నిక్, ఐటీఐలలో ఉన్నారు. నెలకు ఒక్క రోజు ఆ ప్రయోగశాలల తలుపులు షెడ్డు మేస్త్రీలకు తెరిస్తే ఇద్దరికీ మేలు. విద్యార్థులకు చేతిపని అబ్బుతుంది, మేస్త్రీలకు కాగితం దక్కుతుంది.

యజమానులు చేయాల్సింది అంతకన్నా సులువు. పని మొదలుపెట్టకముందు బండి అడుగుభాగం ఫొటోలు తీసి పెట్టుకోండి. కోయకుండా, బోల్టులతో బిగించే మార్గమే అడగండి. బ్రేకులు బాగయ్యేదాకా ఐదో గేరు జోలికి పోకండి. బ్యాలెన్సింగ్ బిల్లుకు బేరమాడకండి. విప్పిన పాత గేరుబాక్సుకు నూనె పట్టించి, గోనెసంచిలో చుట్టి, ఇంట్లో పొడిగా ఉన్న మూల భద్రపరచండి. రేపు మీ పిల్లలు బండిని మళ్లీ అసలు రూపంలో చూడాలనుకుంటే అది లేకుండా కుదరదు.